ప్రెసిడెంటు గారి రొయ్యల ఇగురు

జూలై 9, బుధవారం. ముసురు. ఉదయం కాలువ మీది పంపుసెట్టు బెల్టు మార్చాను.

కాలువ నీళ్లు ఉప్పెక్కి వరి పోతోందని, కాలువ పక్కన రొయ్యల చెరువులు వద్దని పంచాయతీలో తీర్మానం చేయించింది ప్రెసిడెంటు గారే. ఆయన మాట నమ్మి నా చెరువు పూడ్చి వరి వేశాను. మళ్లీ ఎన్నికల్లో నిలబడ్డారు కదా, ఈ రోజు ఊరందరికీ భోజనాలు పెట్టారు. రొయ్యల ఇగురు స్వయంగా వడ్డిస్తూ, "మొహమాటపడకండి, కొన్నవి కాదండి, మన చెరువులోవే!" అన్నారు.

పంక్తిలో చేతులు ఆగిపోయాయి.

"ఏ చెరువండి?" అంది సూరమ్మ పిన్ని.

"కాలవ పక్కదేలెండి... మా బావమరిది పేరు మీదుంది."

"అయితే కాలవలో ఉప్పు కూడా మీ బావమరిదిదేనాండి?"

ఒక్కొక్కరే విస్తరి మడిచి లేచారు. సాయంత్రానికి ఆయన జెండా మోసినవాళ్లే అవతలి పార్టీ అరుగెక్కారు. ఆయన ఓడిపోతారు. నా నారు మాత్రం ఆ ఉప్పుకి మొదళ్ల నుంచి ఎర్రబడిపోతోంది. రేపు తెల్లవారగానే పంపుసెట్టు బెల్టు విప్పేయాలి.