సార్ చెప్పేదాకా

కృపాకర్ అన్నకు వందనాలు.

ఫోన్‌లో చెబితే నవ్వుతావని రాస్తున్నాను.

మా వీడియో గేమ్‌లో గాజుల వీధి బొమ్మలు నావే కదా. మొదట్లో డైరెక్టర్ శ్రీహరిరావుగారు, "సాయంత్రంపూట లాడ్ బజార్‌లో నడిచినట్టుండాలమ్మా" అని చెప్పి మాకే వదిలేశారు. అప్పుడు అక్కడి నీ గాజుల దుకాణం ముందు కూర్చుని ఎంత ఇష్టంగా గీశానో నీకు తెలుసు. ఇప్పుడు ఒక్కో గాజు రంగూ ఆయనే చూస్తున్నారు. ఎర్రగాజును పదిహేడుసార్లు మార్పించారు. ఆయన ఓకే అననిదే మా మూడువందల మందిలో ఎవరూ ఏదీ ముట్టుకోరు.

మొన్న మధ్యాహ్నం ఏసీ వైరు కాలి మా ఫ్లోరంతా పొగ కమ్మింది. అలారం మోగుతూనే ఉంది. మా టీమ్ లీడ్ స్వరూప, "సార్‌కు మెసేజ్ పెట్టిన. ఆయన చెప్పేదాక ఆగుండ్రి" అంది. అందరం ఆగాం. ఊడ్చే ఆగమ్మ పరుగెత్తుకొచ్చి, "గింత పొగల గిట్ల కూసున్నరేందమ్మా?" అని నా చేయి పట్టి లాగింది. నేను చేయి విడిపించుకుని మళ్లీ స్క్రీన్ చూశాను.

పదకొండు నిమిషాలకు పొగ దానంతటదే తగ్గింది. సార్ జవాబు ఇంకా రాలేదు.

అన్నా, రోజూ మధ్యాహ్నం ఒకసారి ఫోన్ చెయ్యి. ఏమీ అడగొద్దు. లేచి బయటికి రమ్మని మాత్రం చెప్పు. ఎవరో ఒకరు చెప్పకపోతే నేను లేవను.

నీ చెల్లి