ఎడమ వైపు అద్దం

3 ఫిబ్రవరి 2025, సోమవారం

ఫ్రాన్సిస్ అన్న లైసెన్సు రెన్యువల్ కాలేదు. కంటి పరీక్షలో ఆపేశారు. షుగర్ వల్ల ఎడమ కన్ను బాగా దెబ్బతిందట. పన్నెండేళ్లుగా మా ఫిజియోథెరపీ వ్యాన్ నడిపిన మనిషి. పొద్దున తాళం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, పోయి వరండాలో కూర్చున్నాడు. టీ ఇస్తే వద్దన్నాడు.

ట్రస్టు ఆఫీసుకు ఫోన్ చేశాను. కొత్త డ్రైవర్ జూన్ తర్వాతేనట. అంతవరకు వ్యాన్ షెడ్డులో పెట్టి, పిల్లల్ని నంద్యాల సెంటర్‌కే తెచ్చుకోమని తల్లులకు చెప్పమన్నారు.

ప్రవళికను ఎవరు తెస్తారు? ఆళ్లగడ్డ దాటాక రుద్రవరం దారిలో వాళ్ల ఊరు. ఏడేళ్ల పిల్ల. డిసెంబరులో కర్నూలులో మడమ నరాలకు ఆపరేషన్ చేశారు, పోయిన వారమే కట్టు విప్పారు. వారానికి రెండుసార్లు కాళ్లు సాగదీసి నిలబెట్టకపోతే నరాలు మళ్లీ బిగుసుకుపోతాయి. తల్లి యశోదమ్మ మిరప కోతకు పోతుంది. పిల్లను ఎత్తుకుని రెండు బస్సులు మారి రావాలి. రాదు. రాలేదు.

నాకు కారు లైసెన్సు ఉంది. ఈ వ్యాన్‌కు అది చాలట. కనుక్కున్నాను.

4 ఫిబ్రవరి, మంగళవారం

ఆఫీసు వాళ్లు నెల రోజులకు ఒప్పుకున్నారు. ఎవరికైనా, దేనికైనా చిన్న దెబ్బ తగిలిందంటే ఆ రోజుతో సరి అన్నారు.

6 ఫిబ్రవరి, గురువారం, సాయంత్రం 5

పోయి వచ్చాను. 

క్లచ్ తొక్కాలంటే సీటు అంచుకు జరిగి నడుము లేపాలి. నా ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. ఆ సీటు ఫ్రాన్సిస్ అన్న కాళ్లకు తగ్గట్టు బిగించింది, ముందుకు జరగదు. నెమ్మదిగా పోయేటప్పుడు స్టీరింగ్ తిప్పడం నా వల్ల కాదు. హైవే ఎక్కితే ఇంకో బాధ. లారీ పక్కనుంచి దూసుకుపోయిన ప్రతిసారీ బండి వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది. సరిచేద్దామని తిప్పితే ఇంకా ఊగుతుంది. వెనకాల ఇనుప కడ్డీలు, వాకర్లు ఒకటే మోత. శిరివెళ్ల దగ్గర పక్కన ఆపి పది నిమిషాలు ఊరికే కూర్చున్నాను. వెనక్కి పోదామనుకున్నాను. తిప్పడానికి చోటు లేక ముందుకే పోయాను.

యశోదమ్మ గడపలోనే నిలబడి చూసింది. "నువ్వే తోలుకొచ్చినావా మేడం? డ్రైవరన్న యాడ?" అంది. చెప్పాను. "పిల్ల పొద్దన్నుంచి దారి చూస్తాంది" అని చాప పరిచింది. ప్రవళిక మడమ నేలకు ఇంకా రెండు వేళ్ల ఎత్తులోనే ఉంది. సాగదీస్తుంటే ఏడ్చింది. తిరుగు ప్రయాణం తలుచుకుంటే నాకూ ఏడుపు వచ్చింది.

7 ఫిబ్రవరి, శుక్రవారం

నడుము, తొడలు, భుజాలు. రోగులకు చెప్పే జాగ్రత్తలన్నీ నాకు నేను చెప్పుకున్నాను. ఏదీ పనిచేయలేదు.

10 ఫిబ్రవరి, సోమవారం, మధ్యాహ్నం 2

ఆళ్లగడ్డలో వ్యాన్ ఆపుకుని రాస్తున్నాను.

నాలుగు రోడ్ల దగ్గర ఎడమకు తిరుగుతున్నాను. ఎడమ అద్దంలో ఏమీ లేదు. ఎవరో అరిచారు. బ్రేకు వేశాను. స్కూటీ మీద ఒకామె, ముందు నిలబడిన చిన్న పాప. వ్యాన్ తలుపుకూ ఆమె మోకాలికీ మధ్య జానెడు. ఆమె తిట్టింది. ఎంత తిట్టినా తక్కువే. తిట్టి వెళ్లిపోయింది. పాప వెనక్కి తిరిగి నన్నే చూస్తూ పోయింది.

దిగి ఆ అద్దం చూశాను. దాంట్లో వ్యాన్ పక్క రేకు తప్ప రోడ్డు కనపడదు.

11 ఫిబ్రవరి, మంగళవారం

ఫ్రాన్సిస్ అన్నతో చెప్పాను. బండి తప్పేమీ లేదట. "నీకు అలవాటు కావల్ల లూదియమ్మా, అంతే" అన్నాడు. పన్నెండేళ్లలో ఎవరినీ తాకలేదు ఆయన. ఏమనగలను?

అయినా నూనెపల్లెలో ఇమామ్ భాయ్ షెడ్డుకు తీసుకుపోతాను. ముప్పై ఏళ్ల మెకానిక్. గురువారం విజిట్ మానేయాలి. యశోదమ్మకు ఫోన్ చేసి రోజూ పిల్ల కాలు ఎలా పట్టాలో మళ్లీ చెప్పాను.

13 ఫిబ్రవరి, గురువారం

రోజంతా షెడ్డులోనే ఉన్నాను.

ఇమామ్ భాయ్ ముందు బండి నడపలేదు, నన్ను నడపమన్నాడు. పక్కన కూర్చుని నన్నే చూశాడు. రెండు వీధులు తిరిగి రాగానే దిగి, "నువ్వు బండి తోల్తాలేవమ్మా. బండితో కుస్తీ పడ్తాండావు" అన్నాడు.

మనిషిని పరీక్ష చేసినట్టే చేశాడు. ముందు టైర్లలో గాలి సగమే ఉంది. చక్రాల అలైన్‌మెంట్ పోయి బండి ఎడమకు లాగుతోంది. పవర్ స్టీరింగ్ బెల్టు వదులు. క్లచ్ ప్లేటు అరిగిపోయింది, తొక్కడం కష్టంగా ఉన్నది అందుకే. వెనక తలుపు తీసి నవ్వాడు. "తోకలో ఇంత బరువేస్తే ఊగక ఏం చేస్తాది?" అన్నాడు. కడ్డీలు, బ్యాటరీ, కాపడానికి మైనం కరిగించే డబ్బా, అన్నీ వెనక చక్రాల వెనకే. టాప్ మీద, పిల్లల్ని నిలబెట్టే ఫ్రేములు మూడు. అన్నీ దించి, బరువైనవి రెండు చక్రాల మధ్య, కింద, బోల్టు వేసి బిగించాం. మోత రాకుండా కడ్డీలకు నా పాత చీరలు చుట్టాను.

సీటు పని నాది. మోకాలు ఎంత వంగాలో, వీపు ఎక్కడ ఆనాలో నేను కొలిచి చెప్పాను, ఆయన కొత్త రంధ్రాలు వేసి నాలుగు అంగుళాలు ముందుకు, రెండు అంగుళాలు పైకి బిగించాడు. మొదటిసారి నా పాదం మొత్తం పెడల్ మీద ఆనింది.

చివర అద్దం. బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు. కిరోసిన్ పోసి గంట ఆగాల్సి వచ్చింది. ఎత్తుగా ఉన్న మనిషికి సరిపోయేలా పెట్టారేమో అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఎంత ఎత్తు మనిషి కూర్చున్నా దీంట్లో రోడ్డు కనపడదట. "ఈ అద్దం ఎవురూ చూసి రెండేండ్లయినట్లుంది" అన్నాడు. మామూలుగానే అన్నాడు. స్పానర్ తుడుచుకుంటూ.

నాకు మాత్రం ఆ తర్వాత ఆయన చెప్పింది ఏదీ వినపడలేదు.

14 ఫిబ్రవరి, శుక్రవారం

"ఆ పక్క ఎవురన్నా వస్తాండారా లూదియమ్మా?" ప్రతి మలుపులో ఫ్రాన్సిస్ అన్న అడిగేవాడు. నేను ఎడమ సీటులో కూర్చునేదాన్ని. లేదు అనేదాన్ని. నిజంగా చూసి చెప్పింది ఎన్నిసార్లు? ఫోన్‌లో రిపోర్టులు రాసుకుంటూ ఎన్నిసార్లు?

ఇంకోటి. రెండేళ్లుగా ఆయన మెడ నొప్పికి నేనే కాపడం పెడుతున్నాను. ఎడమకు తిప్పి తిప్పి కండరం గట్టిపడిపోయిందని కార్డులో నా చేతితోనే రాశాను. ఎందుకు తిప్పుతున్నాడని అడగలేదు.

వాళ్లింటికి పోయాను. వాకిట్లో కుర్చీ వేశాడు. ఎన్నాళ్లయింది అని అడిగాను. ఏది అని ఆయన అడగలేదు. రెండేళ్ల కిందటి క్రిస్మస్ నుంచి అన్నాడు. ఎడమ కంటికి అద్దం ఎటూ కనపడనప్పుడు ఎందుకని, కొమ్మలకు తగలకుండా దాన్ని లోపలికి మడిచేశాడట.

ఆస్పత్రికి పోయేటప్పుడు పిల్లలు కూడా ఎక్కేవాళ్లు గదా అన్నాను. గట్టిగా అన్నాను. ఆయన భార్య ప్రమీలమ్మ తలుపు దగ్గరకు వచ్చి ఆగిపోయింది.

"చెప్తే బండి పోతాదనుకుంటి. నువ్వు చూస్తాంటివి గదా" అన్నాడు.

అన్నిసార్లూ చూడలేదన్నా అన్నాను.

 మహానంది బస్సు పోయింది. ఆయన ముఖం మీద చెమట పట్టింది. ఎంతమందిని ఎలా తిప్పాడో ఇప్పుడు లెక్కపెట్టుకుంటున్నాడనిపించింది. నేనూ అదే చేస్తున్నాను.

ఆఫీసులో ఆయన్ను హెల్పర్‌గా ఉంచుదామన్న మాట నడుస్తోంది. నేను చెబితే అదీ పోతుంది. సోమవారం లోపల నువ్వే చెప్పు, లేకపోతే నేను చెప్తాను అని లేచాను. నా తప్పు కూడా చెప్తాను అన్నాను.

16 ఫిబ్రవరి, ఆదివారం

చర్చిలో మూడు వరసల ముందు కూర్చున్నాడు. తల తిప్పలేదు.

17 ఫిబ్రవరి, సోమవారం

పొద్దున తొమ్మిదికే ఆఫీసుకు పోయి చెప్పాడట. నేను పోయేసరికి బయట నిలబడి ఉన్నాడు. తర్వాత నేను లోపలికి పోయి నా సంగతి చెప్పాను. ఇద్దరికీ లిఖితపూర్వకంగా మందలింపు. ఆయనకు రెండు వారాలు పని లేదు. ఆ తర్వాత హెల్పర్ పని, స్టీరింగ్ మాత్రం జన్మలో ముట్టుకోకూడదు. వ్యాన్ విషయం వాళ్లు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

విజిట్ గురువారానికి మార్చాను.

20 ఫిబ్రవరి, గురువారం

అరగంట ముందే బయలుదేరాను. ఆళ్లగడ్డలో స్కూలు ఆటోలు రోడ్డెక్కే లోపలే దాటాలని. శిరివెళ్ల దగ్గర ఆగి నీళ్లు తాగాను. ఆగడం నా ప్లాన్‌లోనే ఉంది కాబట్టి భయపడి ఆగినట్టు అనిపించలేదు. లారీలు పోయాయి. బండి కొంచెం కదిలింది, ఊగలేదు. రెండు చేతులూ వదులుగా పట్టుకున్నాను. అదే సరిపోయింది.

నాలుగు రోడ్ల దగ్గర ఎడమ అద్దంలో సైకిల్ మీద ఒక ముసలాయన కనిపించాడు. ఆగాను. ఆయన పోయాడు. నేను ఆగానని ఆయనకు తెలియదు.

ప్రవళిక మడమ ఒక వేలు ఎత్తులో. తల్లి రోజూ పట్టిందట, పిల్ల తిట్టినా వదల్లేదట.

3 మార్చి, సోమవారం

ఫ్రాన్సిస్ అన్న పనిలోకి వచ్చాడు. ఏ తలుపు తీయాలో తెలియనట్టు కాసేపు నిలబడ్డాడు. ఎడమ సీటులో కూర్చున్నాడు. దారి పొడవునా గుంతలు చెప్పాడు. చెప్పాల్సిన చోట కన్నా పది గజాలు ముందే చెప్తాడు, అంత బాగా తెలుసు ఆయనకు ఈ రోడ్డు. చాగలమర్రి లారీలు ఎక్కడ హఠాత్తుగా కట్ కొడతాయో, ఎక్కడ గేదెలు అడ్డం వస్తాయో. ఊరు చేరాక ప్రవళికను మంచం మీది నుంచి రెండు చేతులతో ఎత్తి చాప మీద దించాడు. కన్ను సంగతి ఎవరమూ ఎత్తలేదు. క్షమించానా అంటే తెలియదు. కలిసి పనిచేస్తున్నాం.

ఆఫీసు వాళ్లు వ్యాన్ జూన్ దాకా నా చేతికే ఇచ్చారు.

13 మార్చి, గురువారం

మడమ నేలకు ఆనింది. రెండూ. ఇరవై సెకన్లు నిలబడింది. యశోదమ్మ చేతులకు మిరప మంట, కళ్లు తుడుచుకోలేక మోచేత్తో తుడుచుకుంది.

24 మార్చి, సోమవారం

తిరిగి వస్తుంటే ఫ్రాన్సిస్ అన్న ఆళ్లగడ్డ దాటగానే గుంతలు చెప్పడం ఆపి నిద్రపోయాడు. నంద్యాలలో లేపాను. నిద్రపోలేదన్నాడు. సరే అన్నాను.