నోరు విప్పని కోడలు

బెరాత్ కొండలు, అల్బేనియా,
10 డిసెంబరు 1944

గౌరవనీయుడైన అన్నయ్య హైదర్‌కు చెల్లెలు నజ్మియే సలాములు. వదిన మోకాళ్ళ నొప్పులు తగ్గాయనీ, టిరానాలో నీ రేకుల దుకాణం మళ్ళీ తెరిచావనీ తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమం. ఆలివ్‌లు విరగకాశాయి. జర్మన్లు పోయారు, అందుకే ఈ ఉత్తరం. నాకు రాయడం రాదని నీకు తెలుసు, మా ఆయన రాపో చేతిరాతా నీకు తెలుసు. ఈ రాత ఎవరిదా అని ఆలోచించకుండా చివరిదాకా చదువు. మధ్యలో చింపావంటే నా మీద ఒట్టే.

ఏప్రిల్లో నువ్వు రాసిన మూడు ముక్కలూ నాకు కంఠతా వచ్చు. మా అబ్బాయి పెట్రిట్‌కి లిరిని చేసుకుంటామని ఆ పిల్ల అమ్మానాన్నలకు, నీ పొరుగింటివాళ్ళకు మాటిచ్చావు. మేమేమో చెప్పాపెట్టకుండా వేరే కోడల్ని తెచ్చుకున్నామని ఎవరో నీ చెవిన వేశారు. నడివీధిలో నీ పరువు తీశానన్నావు, ఇక నీకు చెల్లెలే లేదన్నావు. ఎనిమిది నెలలుగా ఆ మాట దిగమింగుకుని తిరుగుతున్నాను. జవాబు రాస్తే దారిలో ఎవరైనా విప్పి చదువుతారని భయం. ఇప్పుడు విను. పెళ్ళి జరగలేదు. నీ మాట పోలేదు. నా కొడుకు ఇంకా పెళ్ళికానివాడే!

ఫిబ్రవరిలో రాపో బెరాత్ సంత నుంచి ఒక పిల్లని తీసుకొచ్చాడు. పేరు సరీనా, బెల్‌గ్రేడ్ యూదుల అమ్మాయి, పంతొమ్మిదేళ్ళు. తనను దాచిన ఇంటిని జర్మన్లు సోదా చేస్తుంటే కిటికీ దూకి వచ్చిందట. కాపాడతానని రాపో మాటిచ్చేశాడు. ఇచ్చాక ఇంకేముంది, మా ప్రాణాలు పోయినా ఆ పిల్ల ప్రాణం పోకూడదు. పిల్లకేమో మన భాష ఒక్క ముక్క రాదు. మగాళ్ళిద్దరూ తలలు పట్టుకుని కూర్చుంటే ఉపాయం చెప్పింది నేనే. మన దగ్గర కొత్త కోడలు నెలల తరబడి చేతులు కట్టుకుని, కళ్ళు దించుకుని, నోరు విప్పకుండా నిలబడాలి కదా! నా పెళ్ళప్పుడు కాళ్ళు వాచిపోయి, ఈ ఇంటికిచ్చినందుకు నిన్నెంత తిట్టుకున్నానో. ఆ ఆచారమే అక్కరకొచ్చింది. ఎర్ర ముసుగు వేసి, గుర్రం ఎక్కించి, డప్పులతో తెచ్చుకున్నాం. ఆ రోజు నుంచి పెట్రిట్ పడక పశువుల కొట్టంలోనే. ఇంటికొచ్చిన అతిథి కదా, సొంత చెల్లెలి కంటే ఎక్కువ.

మే నెలలో ఒక ఉదయం జర్మన్ సైనికులొచ్చారు. ఒక ఆఫీసరు, వాడి వెనక తోకాడించుకుంటూ మన దేశంవాడే ఒక దుబాసీ. కోడల్ని చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళతో గది నిండుగా ఉంది. సరీనా అందరికీ కాఫీలిస్తోంది. ఆఫీసరు దగ్గరికి రాగానే ఏం పుట్టిందో, కళ్ళెత్తి వాడి ముఖంలోకి సూటిగా చూసేసింది! మన కోడలెవరైనా ఆ పని చేస్తుందా? నా పై ప్రాణాలు పైనే పోయాయి. నీ పేరేంటని దుబాసీ అడిగాడు. ఈలోపు పక్కింటి ముసలి మెలెకే లేచి, సిగ్గులేదుటే, పరాయి మగాడి మొహం చూస్తావా, మీ అమ్మ నేర్పింది ఇదేనా అంటూ పిల్ల తల వంచేసింది. నేను దుబాసీ మీద విరుచుకుపడ్డాను. ఒరేయ్, నీకు అక్కాచెల్లెళ్ళు లేరట్రా, కొత్త కోడలి పేరడుగుతావా, నిన్ను కన్నందుకు మీ అమ్మ ఎంత ఏడుస్తుందో అని. మిగతా ఆడవాళ్ళూ అందుకున్నారు. వాడి ముఖం మాడిపోయింది. ఆఫీసరుతో ఏదో గొణిగాడు, అంతే, అందరూ వెళ్ళిపోయారు. జర్మన్ సైన్యాన్ని నీ చెల్లెలు నోటితో తరిమిందన్నయ్యా!

పిల్ల సంగతి నీకెప్పుడు తెలిసిందే అని తర్వాత మెలెకేని అడిగాను. రెండో వారానికే తెలిసిందట. ఆడవాళ్ళ మధ్యనైనా గుసగుసగా అత్తని తిట్టుకోని కోడలు ఎక్కడైనా ఉంటుందా, వెర్రిదానా అంది. ఊరంతటికీ తెలుసట. ఒక్కరూ నోరు జారలేదు.

ఈ ఉత్తరం వెనకే పెట్రిట్‌నీ సరీనానీ పంపుతున్నాను. తను నా కోడలు కాదని లిరి వాళ్ళింట్లో తన నోటితోనే చెబుతుంది. పెళ్ళి రోజు నువ్వే పెట్టు. ఈసారి నువ్వు రానిదే పెళ్ళి గుర్రం గడప దాటదు.

నీ చెల్లెలు, మళ్ళీ చెల్లెలే,
నజ్మియే

తా.క. మామయ్యా, నేను సరీనాని. అత్త చెబుతుంటే ఉత్తరమంతా రాసింది నేనే. రాపో మామ పొయ్యి బూడిదలో వేలు పట్టి అక్షరాలు దిద్దించారు. ఈ కింది ముక్కలు మాత్రం అత్తకి చదివి వినిపించలేదు. నాకు జర్మన్ వచ్చు. ఇది పల్లెటూరి పిల్ల చూపు కాదు, బండెక్కించండి అన్నాడు ఆ రోజు ఆఫీసరు. దానికి దుబాసీ, ఆ తిడుతున్నావిడ మా పిన్ని, చిన్నప్పటినుంచీ నన్నిలాగే తిడుతుంది, ఈ పిల్ల పెళ్ళిలో గుర్రం పట్టుకుని నడిచింది నేనే అన్నాడు. అత్త అన్ని తిట్లు తిట్టకపోతే ఆ అబద్ధం అతికేది కాదు. అందుకే ఆవిడ గెలుపు ఆవిడకే ఉండనిచ్చాను. తిరిగొచ్చాక చెబుతాను. జర్మన్ల దగ్గర పనిచేసినందుకు ఆ దుబాసీ ఇప్పుడు టిరానా జైల్లో ఉన్నాడట, వచ్చే వారం విచారణట, అతని తరఫున మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరట. లిరి ఇంటికంటే ముందు మీరు నన్ను అక్కడికి తీసుకెళ్ళాలి. తొమ్మిది నెలలు నోరు కట్టుకున్నాను మామయ్యా. నా మొదటి మాట అతని కోసమే.