పేలుతుందా అని అడిగావు

చిరంజీవి పెద్దోడికి నాయనమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం, నా మోకాళ్ళతో సహా. నువ్వు క్షేమమన్న మాట నీ ఉత్తరంలో వెతికాను, కనబడలేదు. అక్షరాలు కూడా గీత దిగజారాయి. ఇంజనీరు రాత అలా ఉండకూడదు.

తాతగారి పిస్తోలు పరీక్ష చేయించి రాయమన్నావు. పాత వస్తువులు కొనే స్నేహితుడెవరో అడిగాడన్నావు. బీరువాలోంచి తీసి, గుడ్డలో చుట్టి, లైసెన్సు కాగితంతో సహా బజారులో తుపాకులు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఎవరిమీదండీ కోపం, మామ్మగారూ?" అన్నాడు.

"చెప్పిన వేళకి కొట్టు తెరవని వాళ్ళమీద," అన్నాను.

ఇక నీ ప్రశ్నలకు జవాబులు. అసలుదేనా అన్నావు. అసలుదే. గొట్టం మీదా చట్రం మీదా ఒకటే నంబరు. సైన్యం ముద్ర చెరగలేదు. పిడి చెక్కలు మాత్రం తర్వాత వేయించినవి. ఎలా ఉందన్నావు. గొట్టం లోపల తుప్పు తిన్న గుంటలున్నాయి. పైన ఉండవలసిన నీలిమెరుగు చాలావరకు పోయింది. దానికి కారణం నేనేనట, ఇన్నాళ్ళూ పాలిష్ పెట్టి తోమాను కదా. "తుప్పుకంటే మీ శుభ్రమే ఎక్కువ తినేసిందండీ," అన్నాడాయన.

తర్వాత నీ మూడో ప్రశ్న చదివి వినిపించాను. పేలుతుందా?

ఆయన భూతద్దం కింద పెట్టేశాడు. "పాతవి కొనేవాళ్ళు నంబరు అడుగుతారు, ముద్ర అడుగుతారు, మెరుగు అడుగుతారు. పేలుతుందా అని అడగరండీ. ఎవరు రాశారిది?"

"మా మనవడు."

"ఒక్కడే ఉంటాడా?"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

నువ్వు కట్టించిన గోదాము కప్పు కూలి ఇద్దరు పోయారు. విచారణలో నీ తప్పు లేదని తేల్చారు. నువ్వే తేల్చుకోలేదు. ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేస్తే, పనిలో తలమునకలై ఉన్నావనుకున్నాను. పిస్తోలు సంగతి రాస్తే, పోన్లే, మనసు వేరే దానిమీదికి మళ్ళిందని సంతోషించాను కూడా. నా చదువు మండిపోనూ!

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను. అది తాతగారు నీకే ఇమ్మన్న వస్తువు. ఇవ్వను. ఆ కొట్టులోంచి నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్ళి అప్పగించి, ముక్కలు చేయమని సంతకం పెట్టి వచ్చాను. పైన తాతగారికి కోపం వస్తే నేను చూసుకుంటాను. ఆ కోపం నాకు కొత్త కాదు.

చచ్చిపోవాలనుకుంటున్నావా, నాన్నా? డొంకతిరుగుడుగా అడగడం నాకు చేతకాదు. ఔనైతే ఔనని చెప్పు. తిట్టను. ఆ ఇద్దరి గురించి ఎన్నిసార్లు చెప్పినా వింటాను. కానీ నా ఎదురుగా కూర్చుని చెప్పాలి.

ఈ ఉత్తరం టపాలో వేయలేదు. మీ బాబాయి చేతికిచ్చి మొదటి బండికి పంపాను. నువ్వు చదివేదాకా పక్కనే కూర్చుంటాడు. వాడి సంగతి తెలుసుగా, నోట్లో నాలుక లేనివాడు. నువ్వూ ఏమీ మాట్లాడక్కర్లేదు. ఇద్దరికీ తిరుగు టిక్కెట్లు వాడి జేబులో ఉన్నాయి. లేచి చెప్పులేసుకో.

ఇట్లు,
నీ రాకకు వీధి తలుపు తీసి ఉంచిన
నాయనమ్మ