హోస్ పైపుల కింది మన్ను

జూన్ 12, 2024

ఫ్లాస్క్ మబ్బేసింది. ఇన్నాళ్లకు!

ప్లాస్టిక్ మెత్తగా ఉండడానికి కలిపే కెమికల్ థాలేట్. ఫ్లాస్క్‌లో అది తప్ప వేరే తిండి లేదు. తినగలిగిన బ్యాక్టీరియా పెరిగి నీళ్లను మబ్బు చేస్తుంది, తినలేనిది చస్తుంది. సత్రపట్టి రోడ్డు పక్క మన్ను, బస్టాండ్ వెనక మన్ను, అవి వేసిన ఫ్లాస్కులన్నీ తేటగానే ఉండిపోయాయి. మా చోళపురం తోట మూలలో, పాత హోస్ పైపుల కుప్ప కింద తీసిన మన్ను ఒక్కటే పనిచేసింది. ఫ్లాస్కుల్ని ఊపే షేకర్ మీద గిరగిరా తిరుగుతోంది, పాలు కలిపిన నీళ్లలా.

హరిహరన్ సార్ చూసి తలూపారు. మా గైడ్ తలూపడమంటే మాటలు కాదు. పీహెచ్‌డీ ఈ ఏడాదైనా గట్టెక్కేలా ఉంది.

జూన్ 16

ఆదివారం. మామిడికాయలకని అందరం తోటకు వెళ్లాం. మా అక్క బొమ్మి ఎప్పటిలాగే కారు దిగలేదు. ఆరేళ్లుగా ఇంతే. ఆమె బిడ్డ ఊపిరి తీయకుండానే పోయాడు. మా వాళ్లలో పేరు పెట్టని బిడ్డ పోతే మగవాళ్లే తీసుకెళ్లి సొంత భూమిలో పూడుస్తారు. చోటు ఆడవాళ్లకు చెప్పరు. తెలిస్తే తల్లి అక్కడే కూర్చుండిపోతుందట. నాయన, బావ ఇద్దరే వెళ్లారు. తోటలోనే అని మాత్రం మాకు తెలుసు.

దిగమని బలవంతం చేశాను. నావైపు చూసింది.

"యాడ కాలు పెట్టేది, చెప్పు."

ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, ఆ కట్టుబాటు మీద. నాయన్ని అడిగే ధైర్యం లేనందుకు నా మీద కూడా.

జూన్ 28

చెడ్డ రోజు. విడదీసిన బ్యాక్టీరియా సగంలో ఆగిపోతోంది. గ్రాఫ్‌లో థాలేట్ ఎంత మిగిలిందో చూపే పీక్ తగ్గింది, పక్కనే కొత్త పీక్ లేచింది. ఒక కొస కొరికి వదిలేసిన ముక్క అది. ఒక్కోసారి అసలు దానికంటే ఇదే ఎక్కువ విషం.

మన్నులో ఇది ఒంటరిగా పనిచేసి ఉండదని సార్ అన్నారు. మిగిలింది తినే తోడు ఇంకోటి ఉంటుందట, దాన్ని మేం విడదీసేటప్పుడు ప్లేట్ల మీద పోగొట్టుకున్నామట. అదే చోట, ఇంకొంచెం లోతుగా తవ్వి తెమ్మన్నారు.

జూన్ 30

రాయాలని లేదు. రాయకపోతే నిద్ర పట్టదు.

పొద్దున్నే పార, ఐస్‌బాక్స్ తీసుకుని తోటకు వెళ్లాను. పైపులు పక్కకు లాగాను. ఎండకు పెళుసెక్కి చేతిలోనే విరుగుతున్నాయి. పార ఒక్క పోటు వేశానో లేదో వెనక నుంచి నాయన చెయ్యి దాన్ని పట్టుకుంది. మోటారు వేయడానికి వచ్చారట.

"ఆడ తవ్వొద్దు ప్రియా. బొమ్మి బిడ్డ ఆడ ఉండాడు."

తర్వాత నేల చూస్తూ చాలా చెప్పారు. ఆ రోజు, కుక్కలు తవ్వకుండా చేతికందిన పాత పైపులు కప్పారట. పైన ప్లాస్టిక్ ఉంటే ఎవరూ దున్నరని ప్రతి ఏడూ ఇంకొన్ని వేశారట. మనవడికి ఆయన పెట్టిన కాపలా అది. ఆ కాపలాలోంచే థాలేట్ వానకు కారి కిందికి దిగింది. దాన్ని తినడానికి అలవాటు పడినవే నా ఫ్లాస్క్‌లో ఉన్నవి.

బొమ్మికి చెప్పొద్దన్నారు. సరే అన్నాను.

గోళ్లలో మన్ను. కడుక్కోవడానికి మనసు రాలేదు. కడుక్కున్నాను.

జూలై 1, ఉదయం 6

షేకర్ శబ్దం ఇంట్లో కూడా వినిపిస్తోంది.

జూలై 3

ఫ్లాస్క్ ముందు నిలబడలేకపోతున్నాను. మొదటిసారి ఎంత లోతు తీశాను? నాలుగు వేళ్ల లోతే అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. అందులో ఉన్నది బ్యాక్టీరియా మాత్రమే. సైన్స్ చదివినదాన్ని, తెలుసు. తెలిసి కూడా నిన్న ల్యాబ్ ఏసీ ఆపేశాను, చలేస్తుందేమోనని.

కొత్త మన్ను ఏదని సార్ అడిగారు. జ్వరమని అబద్ధం చెప్పాను.

జూలై 7

చెప్పేశాను.

తళవాయిపురంలో అక్క ఇంటికి బస్సెక్కి వెళ్లి, వంటింట్లో నిలబడి మొత్తం చెప్పేశాను. తవ్వానని కూడా. కొడుతుందనుకున్నాను. స్టవ్ ఆపింది. ఆ పైపుల వల్లే బిడ్డ పోయాడా అని అడిగింది. పైపులు తర్వాత వేసినవని, ఎందుకు పోయాడో నాకు తెలియదని చెప్పాను. పోదాం పద అంది.

కారు తనే నడిపింది. తనే దిగింది. చెప్పులు విప్పి తోటంతా నడిచింది. మామిడి వరసలు, మోటారు షెడ్డు, కాలవ గట్టు, ఏదీ వదల్లేదు. నాయన షెడ్డు దగ్గర నిలబడి చూశారు, అడ్డు రాలేదు. ఏడ్చారు. ఆఖరికి మూలకు వచ్చి పైపులన్నీ ఒక్కొక్కటే తీసి అవతల పారేసింది. కూర్చుంది. నాయన భయపడ్డట్టే అక్కడే ఉండిపోతుందేమో అనుకున్నాను.

చాలాసేపటికి నా సంచిలో ఉండే మన్ను డబ్బా అడిగింది. వద్దన్నాను. పీహెచ్‌డీ రాకపోయినా పర్వాలేదన్నాను, నిజంగానే అన్నాను. వినలేదు. వేళ్లతోనే పైపైన మన్ను గీకి డబ్బాలో పోసింది.

"ఈ విషం వాడి మింద ఉండకూడదు. తిననీ."

జూలై 29

అక్క గీకిచ్చిన మన్నులో ఆ తోడు దొరికింది. రెండు పీకులూ పోయాయి. గ్రాఫ్ అంతా చదును. సార్ అందరికీ స్వీట్ ఇప్పించారు.

సాయంత్రం అక్క ఫోన్. ఏమైందని అడిగింది. ఏమీ మిగల్లేదని చెప్పాలి.

"బాగా పెరుగుతా ఉండాయక్కా" అన్నాను.