సుద్ద బిళ్లలు

బిష్కెక్,
ఆగస్టు 16

అమ్మకు,

నీ కూతురు సోనున్ సలాం చెప్పి రాస్తున్నది. ఇక్కడ నేనూ పిల్లా కులాసాగానే ఉన్నాం. అక్కడ అర్ప లోయలో నువ్వూ, మామయ్యా, మందా, గుర్రాలూ అంతా క్షేమమని తలుస్తాను. ఫోను అందని కొండ మీద కూర్చున్నావు కనుక సరుకుల లారీ దిగితే తప్ప నీ కబురు తెలియదు. పోయిన వారం నీ ఉత్తరం చేరింది. మొదటిసారి చదివి నవ్వాను. రెండోసారి చదివి కుట్టుమిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పిల్లకు ముందుపన్ను ఊడింది. నువ్వు చెప్పినట్టే రొట్టెముక్కలో చుట్టి పక్కింటి కుక్కకు వేశాం. అది రొట్టె తిని పన్ను ఉమ్మేసింది. "అమ్మమ్మ దగ్గర కుక్కలకైతే బుద్ధుంటుంది" అంది నీ మనవరాలు. మామయ్య పంపిన వెన్న అందింది. మా కుట్టుపని షెడ్డులో చలికోట్ల పని మొదలైంది, ఊపిరాడడం లేదు.

ఇక నీ అసలు ప్రశ్న. "పొద్దస్తమానం ఎండు పెరుగు ఉండలు నములుతున్నాను, గుర్రం పాలు తాగుతున్నాను, నీ సుద్ద బిళ్లలు నాకెందుకే? పాల మీద పుట్టి పాల మీద పెరిగినదానికి సుద్ద తినిపిస్తావా?" అని రాశావు. ఆ బిళ్లల్ని నూరి కుంటుతున్న గొర్రెపిల్లకు పోశాననీ, వారం తిరక్కుండా అది గంతులేసిందనీ కూడా రాశావు. నేను నవ్వింది అక్కడే. కానీ అమ్మా, గొర్రెపిల్లకు కోత పడలేదు. దాని పేగు దాని చోటనే ఉంది.

నాలుగేళ్ల కిందట నీ ఒళ్లు తగ్గించడానికి పొట్టను కోడిగుడ్డంత చేసి, పేగును దారి మళ్లించి కుట్టారు. తిండిలోని కాల్షియం ఒంటికి పట్టేది ఎక్కువగా ఆ వదిలేసిన దారిలోనేనట. "మామూలు మనిషికి పాలు చాలు, మీ అమ్మకు చాలవు" అని డాక్టర్ నాజిరా నాకు చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. తిండిలోంచి రాకపోతే ఒళ్లు ఊరుకోదు, ఎముకల్లోంచి తీసుకుంటుంది. ఇంట్లో గింజలు నిండుకుంటే విత్తనాల మూట విప్పినట్టు. అలా ఎంతకాలం తింటాం చెప్పు.

ఈసారి బిళ్లలు మార్చి పంపుతున్నాను. మునుపు మందుల షాపులో అంటగట్టిన రకం నీ చిన్న పొట్టలో సరిగా కరగదట. ఇది సిట్రేట్ రకం. మూడు పూటలా విడివిడిగా వేసుకో. ఒకేసారి గుప్పెడు మింగితే ఒంటికి పట్టదు. ఐరన్ మాత్రతో కలపకు. వేట కోసినప్పుడల్లా నీ పెద్దరికానికి మర్యాదగా మామయ్య తుంటి ఎముక నీకే వడ్డిస్తున్నాడనీ, ఎముకకు ఎముకే మందనీ రాశావు. వడ్డించనీ, మర్యాద మర్యాదే. గొర్రె తుంటి తిన్నంత మాత్రాన నీ తుంటి గట్టిపడదమ్మా.

మే నెలలో నీ ఎముకలకు ఫోటో తీయించాం గుర్తుందా? నువ్వు కొండెక్కాక రిజల్టు వచ్చింది. బాగానే ఉందని నీకు కబురంపాను. బాగాలేదు. వెన్నుపూసలు రెండు ఇప్పటికే నలిగిపోయాయి. నీ నడుం నొప్పికి కారణం జీను కాదు. వసంతంలో నీ గౌను అంచు నేలకు రాసుకుంటుంటే "గుడ్డ సాగిందే" అన్నావు. ఆ గౌను కుట్టింది నేను, అది సాగే గుడ్డ కాదు. సాగింది గుడ్డ కాదమ్మా, కుంగింది నువ్వు. వంటబాన మూత ఎత్తబోతే నీ మణికట్టు విరిగింది, అలా విరగడం ఎక్కడైనా ఉందా? "ఈసారి పడితే తుంటి విరుగుతుంది. విరిగాక ఆవిడను లేపి నడిపించడం నా చేతిలో ఉండదు" అంది డాక్టరు. అది విన్ననాటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. షెడ్డులో సూది విరిగి టక్కుమన్నా నా గుండె జారిపోతోంది.

నువ్వేమో సెప్టెంబరులో కిందికి దిగేటప్పుడు ఇంటి పెద్దదానిగా వలసకు ముందు నడిచేది నా గుర్రమే అని రాశావు. మూడు రోజుల దారి, అంతా రాళ్ల కనుమ. ఆ బూడిద గుర్రం నీకేమిటో నాకు తెలియదనుకోకు. నిన్ను మోసే గుర్రం లేక ఏళ్ల తరబడి బండిలో మూటల మధ్య ముఖం దాచుకుని వలస వెళ్లావు. ఆపరేషన్ అయిన రెండో వేసవిలో నువ్వు జీను ఎక్కడం నా కళ్లారా చూశాను. నాన్న ఉన్న రోజుల్లో కూడా నీ ముఖం అంత వెలగలేదు. ఆ కోత వల్లే నీకు గుర్రం దక్కింది. ఆ కోత వల్లే ఇప్పుడు గుర్రం నీకు పనికిరాదు. ఈ అన్యాయం ఎవరికి చెప్పుకోవాలో నాకు తెలియడం లేదు.

ఇక చెప్పక తప్పదు, చెయ్యి రాకపోయినా రాస్తాను. ఆదివారం మామయ్య అట్-బాషి సంతకు దిగి ఫోను చేశాడు. నేను ఆయన మందలోంచి బూడిద గుర్రాన్ని కోరుకున్నాను. మేనకోడలి హక్కుగా కోరుకున్నాను. ఆడపడుచు బిడ్డ నోరు తెరిచి అడిగితే పుట్టింటివాళ్లు కాదనకూడదని నాకు నేర్పింది నువ్వే. మేనకోడలు రావడంకన్నా ఏడు తోడేళ్లు రావడం నయమని సామెత చెప్పి నన్ను ఏడిపించేదానివి. ఇన్నేళ్లలో నేను ఒక్క మేకపిల్లను కూడా అడిగి ఎరగను.

"ఏ గుర్రమన్నావే?" అన్నాడు మామయ్య.

"బూడిదది."

"పిల్లా, అది మీ అమ్మ ప్రాణమే. ఇంకోటి అడుగు. రెండు తీసుకో, మూడు తీసుకో."

"అదే కావాలి మామయ్యా."

"మూడో అంతస్తులో ఎక్కడ కడతావే దాన్ని? వంటింట్లోనా?"

నవ్వు రాలేదు. రిజల్టు చదివి వినిపించాను. అంతా విని, "గుర్రాన్ని లారీ నేనే ఎక్కిస్తాను. ఆ మాట అక్క ముఖాన చెప్పడం మాత్రం నా వల్ల కాదు, నువ్వే రాయి" అన్నాడు.

ఈ ఉత్తరం తెచ్చిన లారీలోనే గుర్రం వెళ్లిపోతుంది. నారిన్ దగ్గర మామయ్య స్నేహితుడి దొడ్లో ఉంటుంది. దాన్ని ఎవరికీ అమ్మబోను, ఇంకెవరినీ ఎక్కనివ్వను. నువ్వు మళ్లీ ఎక్కే రోజు వస్తుందా అంటే డాక్టరు మాట ఇవ్వలేదు. నీతో ఇంకో అబద్ధం ఆడలేను.

నువ్వు మామయ్య మీద పడకు, ఆయన చేసిందేమీ లేదు. నన్ను తిట్టు. కావాలంటే నాతో మాటలు మానెయ్యి, బిళ్లలు మాత్రం మానకు. ఉన్న తిట్లన్నీ కూడబెట్టుకుని సెప్టెంబరులో లారీ ముందు సీటులో కూర్చుని దిగు. నన్ను తిట్టడానికైనా ఈ మూడంతస్తులూ నీ కాళ్లతో నువ్వే ఎక్కి రా అమ్మా.

ఇట్లు,
ఏడు తోడేళ్లకన్నా చెడ్డదైన
నీ కూతురు,
సోనున్