సౌదీకి స్వెటర్

ధహ్రాన్

పిన్నీ,

నువ్వు అల్లిన స్వెటర్, సెలవుకి ఊరొచ్చి వెళ్లిన భరణి తెచ్చిచ్చాడు. గడ్డకట్టిన నేల మీద పని అని నేను ఫోన్లో అంటే, ఇక్కడా మంచు పడుతుందనుకున్నావట. "సౌదీకి స్వెటరేంటే!" అని బాబాయి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి నవ్వారనీ, నువ్వు ఆపూట అన్నం సరిగా తినలేదనీ వాడే చెప్పాడు.

ఇది ఆయనకి చదివి వినిపించు. ఉత్తరాన మంచుదేశాల నేలలో ఎంత కార్బన్ దాగుందో, ఆ నేల కరిగితే ఎంత బయటికొస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పని. బయట ఎండ మాడ్చేస్తుంటే, ఆఫీసులో ఏసీకి నా పళ్లు టకటకలాడేవి. ఇప్పుడు రోజూ నీ స్వెటరే.

ఇంకో చిత్రం. చలికాలంలో అక్కడ మంచు ఎంత మందంగా కప్పితే, అడుగున నేల చల్లబడటం అంత తగ్గుతుంది. నేలకి మంచే స్వెటరన్నమాట. నిన్న మీటింగులో కొత్తవాళ్లకి నీ స్వెటర్ చూపించే ఈ సంగతి చెప్పాను. మా బాస్, సౌదీ ఆయనే, దాన్ని తడిమి చూసి తనకీ ఒకటి కావాలన్నారు. మనిషి కాస్త భారీ.

ఉన్ని ఉండ చుట్టేటప్పుడు, రెండు చేతులూ చాచి దారం పట్టుకోవడానికి బాబాయిని కూర్చోబెట్టు.

వణుకు తీరిన
నీ అక్కకొడుకు